చేతికందే వేట... ఒక పరీక్ష!

"శికార్ గోష్త్ రుచే వేరు!" - నకిరేకల్ చుట్టుపక్కల మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినవచ్చే మాట ఇది. కుందేలు కూర, తీతర్ వేపుడు, బటేర్ పులుసు, ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెట్టి దాచుకున్న జింక మాంసపు తునకలు... ఈ పేర్లు తలచుకుంటే వాళ్ళకు ఒక కాలమంతా గుర్తుకొస్తుంది. అందులో వింతేమీ లేదు. మన నల్లగొండ నేల అలాంటిది. గుట్టలు, చెలకలు, తుమ్మపొదలు, చెరువు గట్లు - కుందేలుకూ పిట్టకూ ఇంతకంటే మంచి చోటు ఉండదు. వాటికోసం దట్టమైన అడవికి పోనక్కరలేదు. జొన్నచేను కోతకొస్తే చాలు, పిట్టలు కాళ్ళ ముందునుంచే లేచేవి.

పెద్ద వేట మాత్రం నవాబుల, దొరల వ్యవహారం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866-1911) పులివేటకు పేరుపొందినవారు. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆయన మీదే. అమ్రాబాద్ అడవిలోని ఫరహాబాద్ నిజాముల వేట విడిది. నేడు ఆ అడవే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నాడు పులిని చంపడానికి వెళ్ళిన దారిలోనే నేడు పులిని చూడటానికి జనం జీపుల్లో వెళుతున్నారు.

కాలం మారింది. కాని చాటుమాటు వేట ఆగలేదు. చీకటిపడ్డాక ఎవరో తలుపు తట్టి, సంచిలో కుందేలు ఉందని గుసగుసగా చెబుతారు. వలలో చిక్కిన పిట్టలను జతల లెక్కన అమ్మజూపుతారు. పెళ్ళికో, చుట్టాల విందుకో ప్రత్యేకంగా ఉంటుందని కొందరు కొంటారు. ఆ ఇంట్లో ఎవరైనా సందేహిస్తే వెంటనే వచ్చే జవాబు మేము తరచూ వింటున్నదే: "హలాలే కదా, తింటే తప్పేమిటి?"

ఈ ప్రశ్న అడగవలసిందే. అయితే ఇది మొదటి ప్రశ్న మాత్రమే. దీని వెనుక ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. మూడింటికీ సరైన జవాబు వచ్చాకే ఆ మాంసం మన వంటింటి గడప దాటాలి.

మొదటి ప్రశ్న: జంతువు ఏది?

హలాల్ జీవుల విషయంలో షరీఅత్ ఇరుకైనదేమీ కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో వేట అరబ్బుల జీవనాధారాల్లో ఒకటి. మర్రుజ్జహ్రాన్ అనే చోట హజ్రత్ అనస్ (రజి) ఒక కుందేలును తరిమి పట్టుకున్నారు. దాన్ని హజ్రత్ అబూ తల్హా (రజి) జబహ్ చేసి తొడ మాంసం ప్రవక్త (స) వారికి పంపగా వారు స్వీకరించారు. హుదైబియా ప్రయాణంలో హజ్రత్ అబూ ఖతాదా (రజి) అడవి గాడిదను వేటాడారు. ఆయన ఇహ్రాంలో లేరు. ఇహ్రాంలో ఉన్న సహచరులు ఆ వేటలో ఏ సాయమూ చేయలేదు గనుక వారికీ ఆ మాంసం తినడానికి అనుమతి లభించింది. మిడతలు జబహ్ లేకుండానే హలాల్.

మన ప్రాంతపు జీవుల్లో జింక, దుప్పి, కుందేలు, గువ్వ, నీటి బాతు హలాల్ జాతులే. తీతర్ అంటే కౌజు పిట్ట, బటేర్ అంటే పూరేడు పిట్ట. ఇవీ హలాలే. బజారులో ఫారం బటేర్‌ను కూడా కౌజు పేరుతోనే అమ్ముతుంటారు, అది వేరే సంగతి. కోరలతో చీల్చి తినే మృగాలు, గోళ్ళతో వేటాడే పక్షులు నిషిద్ధం. అడవి పంది కూడా పందే గనుక దాని గురించి రెండో మాట లేదు.

ఉడుము విషయంలో మాత్రం కొంత గందరగోళం ఉంది. హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో కాల్చిన 'జబ్' అనే జీవిని వడ్డించినప్పుడు ప్రవక్త (స) చేయి వెనక్కు తీసుకున్నారు. అది తమ వారి నేలమీద లేనిది గనుక మనసు ఒప్పడం లేదన్నారు. పక్కనే ఉన్న హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) దాన్ని తిన్నారు. ప్రవక్త (స) వారించలేదు. ఈ హదీసును తెలుగులో చెప్పేటప్పుడు 'ఉడుము' అనడం అలవాటైపోయింది. నిజానికి అరబ్బుల జబ్ ఎడారి బొరియల్లో ఉంటూ ఎక్కువగా ఆకూ అలమూ మేసే ముళ్ళతోక బల్లి. మన ఉడుము ఎలుకలను, కప్పలను, గుడ్లను, చచ్చిన జంతువులను కూడా తినే వేరే జీవి. పైగా మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో ఆ జబ్ కూడా మక్రూహే. ఉడుము మాంసం నడుమునొప్పికీ కీళ్ళనొప్పులకూ మందన్న ప్రచారానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

రెండో ప్రశ్న: ప్రాణం ఎలా పోయింది?

జాతి హలాలైనంత మాత్రాన మాంసం హలాల్ అయిపోదు. దివ్యఖుర్ఆన్‌లోని మాయిదా సూరా మూడో ఆయతు నిషిద్ధాల పట్టిక ఇస్తుంది. చచ్చినది, రక్తం, పంది మాంసం, అల్లాహ్ పేరు కాక ఇతరుల పేరుతో కోసినదానితో పాటు గొంతు బిగుసుకుని చచ్చినది, దెబ్బలు తగిలి చచ్చినది, ఎత్తునుంచి పడి చచ్చినది, కొమ్ము పోట్లతో చచ్చినది, మృగం కొరికినది అందులో ఉన్నాయి. ప్రాణముండగానే జబహ్ చేయగలిగితేనే మినహాయింపు.

ఈ పట్టికను మన చెలకల్లో జరిగే వేట పక్కన పెట్టి చూడండి. కుందేలు కోసం పొదల సందున కట్టే ఉచ్చు మెడకే బిగుస్తుంది. రాత్రి కట్టిన ఉచ్చును తెల్లవారి చూసేసరికి కుందేలు చచ్చి ఉంటే అది గొంతు బిగుసుకుని చచ్చినదే. రాత్రివేళ తల లైటు వేసి, కళ్ళు చెదిరి నిలబడిపోయిన కుందేలును కర్రతో కొడతారు. ఆ దెబ్బకే చస్తే అది దెబ్బలతో చచ్చినదే. ఊరకుక్కలు తరిమి కొరికి చంపినదీ అంతే. వేటకు శిక్షణ పొందిన కుక్కను బిస్మిల్లా చెప్పి వదిలితే, అది తాను తినకుండా యజమాని కోసం పట్టి తెస్తే, దాని నియమం వేరు. మన ఊరకుక్కల గుంపుకు ఆ నియమం వర్తించదు.

తయ్ తెగకు చెందిన హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) స్వయంగా వేటగాడు. వేటాడే కోలను గురించి ఆయన ప్రవక్త (స) వారిని అడిగారు. మొన గుచ్చుకుని గాయమై చస్తే తినవచ్చనీ, కోల అడ్డంగా తగిలి ఆ దెబ్బకు చస్తే తినరాదనీ జవాబు వచ్చింది. దీన్ని ఆధారం చేసుకునే హనఫీ ఉలమా చాలామంది తుపాకి గుండు దెబ్బకు చచ్చినదాన్ని హలాల్‌గా ఎంచరు. గుండు చీల్చేది తన పదునుతో కాదు, విసురుతో. బిస్మిల్లా చెప్పి కాల్చినా సరే, ప్రాణముండగా జబహ్ చేస్తేనే అది హలాల్. ఇక ఛర్రా తుపాకిలో వాడే సీసపు రవ్వలు మాంసంలో ఇరుక్కుపోతాయి. సీసం విషం. పిల్లల మెదడు ఎదుగుదలకు అది ప్రత్యేకంగా చేటు చేస్తుంది.

ఇప్పుడు వీటన్నింటినీ మించిన ఘోరం ఒకటి వచ్చింది. అది కరెంటు తీగ. అడవి పందుల కోసమని చేనుచుట్టూ, జంతువులు నీళ్ళకు వచ్చే దారిలో తీగలు పరిచి నేరుగా స్తంభం నుంచి కరెంటు ఇస్తున్నారు. ఆ తీగకు తగిలి చచ్చిన జింక మాంసం ఎవరికీ హలాల్ కాదు. అంతకంటే ముఖ్యం, ఆ తీగకు జింక ఎవరో మనిషి ఎవరో తెలియదు. తెల్లవారుజామున పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన రైతులు, గొర్రెల కాపరులు అలాంటి తీగలకు బలైన వార్తలు తెలంగాణ పత్రికల్లో పదేపదే చదువుతున్నాం. రెండు కిలోల మాంసానికి ఒక ఇంటి దీపం ఆరిపోతోంది. అలాంటి మాంసాన్ని డబ్బిచ్చి కొన్న ఇల్లు ఆ పాపంలో తనకేమీ వాటా లేదని అనుకోగలదా?

చెరువు పిట్టల సంగతీ చూడాలి. గుళికల మందు కలిపిన గింజలు చల్లి పిట్టలను పట్టడం దేశంలో పలుచోట్ల బయటపడింది. సొమ్మసిల్లిన పిట్టను హడావుడిగా జబహ్ చేసినంత మాత్రాన దాని కడుపులోని మందు పోదు. అమ్మేవాడు ఆ ముక్క చెప్పడు. అడిగి తెలుసుకునే మార్గమూ మనకు లేదు.

మూడో ప్రశ్న: పట్టే హక్కు ఉందా?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. తొలిరోజుల్లో కొన్ని జంతువులను లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. "మా నాన్న పర్మిట్ తీసుకుని శికార్‌కు వెళ్ళేవారు" అని చెప్పేవారి మాట అబద్ధం కాదు. కాని 1991 సవరణతో ఆ తలుపు మూసుకుపోయింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి జరిమానాలను పెంచింది.

ఈ చట్టంలో వేట అంటే తుపాకి పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల వేయడం, తరమడం, గాయపరచడం, పక్షి గుడ్లు తీయడం కూడా వేటే. మాంసం అంటే పచ్చిదే కాదు, వండినది కూడా మాంసమే. అంటే పొయ్యిమీది గిన్నె కూడా సాక్ష్యమే! కృష్ణజింక, చింకారా, నెమలి, ఉడుము మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటి విషయంలో మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా. కుందేలు, దుప్పి, కౌజు, పూరేడు వంటివీ రక్షణ జాబితాల్లోనే ఉన్నాయి. వీటికి మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. వేటకు వాడిన బండి ప్రభుత్వపరం అవుతుంది. 1998 నాటి కృష్ణజింకల కేసులో సినీనటుడు సల్మాన్ ఖాన్‌కు జోధ్‌పూర్ కోర్టు 2018 ఏప్రిల్‌లో అయిదేళ్ళ శిక్ష విధించింది, ఆయన అప్పీలుకు వెళ్ళారు. అంత పలుకుబడి ఉన్నవారికే ఇరవై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరగక తప్పలేదు. ఆటో నడుపుకునే కుర్రవాడి గతి ఏమిటో ఆలోచించండి.

"జింకలు మా పంట తినేస్తున్నాయి కదా" అని అడిగే రైతు బాధ నిజమే. కృష్ణా, మాగనూరు వైపు కృష్ణజింకల మందలు చేలమీద పడి నష్టం చేస్తున్న మాట వాస్తవం. దానికి నష్టపరిహారం అడగాలి, జింకలను తరలించమని అధికారులను గట్టిగా నిలదీయాలి. ఆ బాధను అడ్డం పెట్టుకుని విందులు చేసుకోవడం రైతుకు న్యాయం కాదు.

ఇంకొక మాట. పట్టుబడేది ఎక్కువగా ఎవరు? పిట్టలు పట్టి బతికిన నిరుపేద కుటుంబాలవాళ్ళు. తరతరాలుగా ఆ పని తప్ప మరొకటి నేర్చుకునే అవకాశం దొరకనివాళ్ళు. వందల రూపాయల కోసం వాళ్ళు జైలుకు పోతారు. రుచి కోసం కొన్నవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. కొనేవాడు లేకుంటే అమ్మేవాడు ఉండడు. పేదవాడిని ప్రమాదంలోకి నెట్టి తెప్పించుకున్న ముద్ద గొంతు దిగుతుందా?

మరి అల్లాహ్ హలాల్ చేసినదాన్ని చట్టం ఆపవచ్చా అని కొందరు వాదిస్తారు. మాయిదా సూరా మొదటి ఆయతునే చూడండి. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆదేశంతో అది మొదలవుతుంది. ఆ ఆయతులోనే ఇహ్రాం స్థితిలో వేట కూడదన్న మాట కూడా వస్తుంది. హలాల్ జంతువే అయినా ఒక సమయంలో, ఒక చోట దాన్ని ముట్టకూడదన్న హద్దు మనకు కొత్తది కాదు. మక్కా హరంలో వేట జంతువును బెదరగొట్టడం కూడా తగదు. మదీనాను ప్రవక్త (స) హరంగా ప్రకటించి అక్కడి వేటనూ చెట్ల నరికివేతనూ నిషేధించారు. జీవులకు ఆశ్రయంగా ఒక నేలను విడిచిపెట్టడం మన సంప్రదాయంలోనే ఉంది. అందరి మేలు కోసం దేశం పెట్టుకున్న కట్టడిని పాటించడం పౌరులుగా మనం ఒప్పుకున్న ఒప్పందమే.

అదే సూరా 94వ ఆయతు మరీ సూటిగా ఉంటుంది. విశ్వాసుల చేతులకూ ఈటెలకూ అందేంత దగ్గరికి వేటను తెచ్చి అల్లాహ్ పరీక్షిస్తాడని, చూడకుండానే తనకు భయపడేదెవరో తేలడానికే ఆ పరీక్ష అని దాని భావం. హుదైబియా ప్రయాణంలో జంతువులు గుడారాల దగ్గరికే వచ్చేవని వ్యాఖ్యాతలు రాశారు. ఆకలితో ఉన్నవాళ్ళు, ఆయుధాలున్నవాళ్ళు చేయి చాపలేదు. ఈనాడు చీకట్లో మన గడపకు వచ్చే సంచి కూడా అలాంటిదే. ఫారెస్టు గార్డు చూడడు, పొరుగువారికి తెలియదు. నిర్ణయం మన ఒక్కరిదే.

మిగతా మాంసాలకూ ఇదే కొలత

హైదరాబాదు బక్రీదుల్లో కొందరు ఒంటె ఖుర్బానీ ఇచ్చేవారు. ఒంటె హలాల్ అనడంలో సందేహం లేదు. కాని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో మాంసం కోసం కోయదగినవిగా చెప్పిన గొర్రె, మేక, పశుజాతుల్లో ఒంటె లేదు. గాడిద కూడా లేదు. కోస్తా జిల్లాల్లో బలం వస్తుందని చెప్పి గాడిద మాంసం అమ్ముతున్నారు. పెంపుడు గాడిద మాంసాన్ని ప్రవక్త (స) ఖైబర్ సమయంలో, అంటే క్రీ.శ. 628లో నిషేధించారు. కనుక మనకు ఆ చర్చే అక్కరలేదు. ఈమూ పక్షి హలాలే. కాని దాని పేరుతో జరిగిన వ్యాపారంలో ఎందరో రైతులు మునిగిపోయారు. 2012లో తమిళనాడు పెరుందురైలో ఈమూ కంపెనీ కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వింత మాంసం కనబడగానే ఆశపడకుండా మూడు ప్రశ్నలూ వేసుకోవాలన్నదే మేము చెప్పేది.

మరి ఆ రుచి?

ఆ రుచిని పూర్తిగా వదులుకోనక్కరలేదు. ఫారం బటేర్ ఉంది. ఇది జపాన్ జాతి పక్షి. 1974లో కాలిఫోర్నియా నుంచి తెప్పించి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో పెంపకం మొదలుపెట్టారు. 2011లో దీని పెంపకానికి అడ్డంకి వచ్చినా తర్వాత తొలగిపోయింది. అయిదారు వారాల్లో కోతకొస్తుంది. కొనేటప్పుడు ఫారం పక్షేనా అని అడగండి. దుకాణాల్లో హడావుడిగా మెడ తిప్పేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మీ కళ్ళముందే బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని కత్తితో జబహ్ చేయించుకోండి. ఎంత చిన్న పక్షికైనా నియమం ఒకటే.

మన పెద్దవాళ్ళ వేట కూర పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. అడవి మాంసంలో కొవ్వు తక్కువ. అందుకే పుల్లని పెరుగులో నానబెట్టి, సన్నని సెగమీద నిదానంగా ఉడికించి, చివర నెయ్యి వేసేవారు. నాలుగు బటేర్లను శుభ్రం చేసి గాట్లు పెట్టండి. చిన్న కప్పు పెరుగు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు, ఒక నిమ్మచెక్క రసం పట్టించి గంటసేపు ఉంచండి. నిమ్మకాయకు మన నకిరేకల్ మార్కెట్ ఉండనే ఉంది! రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా గసాలు, కాస్త ఎండుకొబ్బరి, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క దోరగా వేయించి నూరుకోండి. రెండు ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక పక్షులను వేసి అన్నివైపులా తిప్పుతూ పది నిమిషాలు వేయించండి. నూరిన మసాలా, అరగ్లాసు నీళ్ళు పోసి మూతపెట్టి మరో ఇరవై నిమిషాలు సన్నని సెగమీద ఉంచండి. దించే ముందు చెంచా నెయ్యి, కొత్తిమీర. పక్కన జొన్నరొట్టె ఉంటే ఇంకేమీ అక్కరలేదు.

ఇంట్లో పెద్దవాళ్ళకు మొదట వడ్డించండి. వాళ్ళ శికార్ కథలు పిల్లలకు చెప్పనివ్వండి. కథ అయ్యాక ఆ మూడు ప్రశ్నలు కూడా పిల్లలకు నేర్పండి. జంతువు ఏది? ప్రాణం ఎలా పోయింది? పట్టే హక్కు ఉందా? రేపు ఎవరైనా సంచి పట్టుకుని తలుపు తడితే ఆ పిల్లలే మనకంటే ముందు "వద్దు చాచా" అని చెబుతారు.